ఇంటి పత్రములకు మారుప్రతులు

ఒకప్పుడు రేడియో ఉన్న ప్రతి యింటను ఒక చిన్న లైసెన్సు పుస్తకము ఉండెడిది. ఇంటి యజమాని ఏటేటా తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, ముద్ర వేయించుకొని వచ్చి, దానిని ఇనుప పెట్టెలో పొలము దస్తావేజుల క్రింద భద్రపరచెడివాడు. ఆ లైసెన్సు విధానము రద్దయి దశాబ్దములు గడచినవి. పుస్తకము పోయినది కాని పెట్టె పోలేదు. పైగా దాని బరువు పెరిగినది. ఇంటి దస్తావేజు, దాని వెనుకటి లింకు దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకము, పదవ తరగతి సర్టిఫికెట్టు, పింఛను ఉత్తర్వు, బీమా బాండ్లు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, పిల్లల పుట్టుక సర్టిఫికెట్లు, ఆసుపత్రి నివేదికలు, ఇవి యన్నియు ఆ పెట్టెలోనో, బీరువా అరలోనో ఒక్కచోటనే ఉండుట మన యిండ్లలో వాడుక.

ఒక్కచోట ఉండుటయే చిక్కు. 1977 వ సంవత్సరము నవంబరు 19 న దివిసీమపై ఉప్పెన వచ్చినప్పుడు వేలకొలది ప్రాణములు పోయినవి. ప్రాణములు పోయిన చోట కాగితముల మాట ఎత్తుట భావ్యము కాదు. కాని బ్రతికి బయటపడినవాడు మరునాటి నుండియే తానెవరో, ఏ భూమి తనదో చూపవలసి వచ్చును. 2024 సెప్టెంబరు 1 న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ ప్రాంతమును ముంచినప్పుడు అచ్చటి మా బంధువుల యింట నీరు మంచము దాటినది. పెట్టె మంచము క్రింద ఉండెను. నీరు తీసిన పిదప చూడగా స్టాంపు కాగితములు ఒకదాని కొకటి అంటుకొని అట్టవలె అయినవి. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లు క్షేమముగా ఉండునని వారి నమ్మకము. అంచుల వెంబడి లోనికి చేరిన నీరు బయటికి రాదు గనుక వానిని ఆరబెట్టుటకును వీలు లేకపోయెను.

కాగితములకు నకళ్లు తీసి దూరముగా ఉంచవలెనని దీనిని బట్టి ఎవరైనను చెప్పుదురు. మా అన్నగారికి ఈ సంగతి అంతకు ఎన్నో యేండ్ల ముందే తెలిసియుండెను. వారు లెక్కలు తప్పని మనిషి. పదవీ విరమణ చేసిన యేడాదియే ఇంటి కాగితములన్నియు స్కానరుపై ఎక్కించి, ఒక హార్డ్ డిస్కులో భద్రపరచి, పరులెవ్వరును చదువకుండునట్లు గూఢలిపి తాళము వేసిరి. 2021 లో వారు హఠాత్తుగా కాలము చేసిరి. తాళమునకు పాస్‌వర్డు వారికొక్కరికే తెలియును. కుటుంబ పింఛను కొరకు మా వదినగారికి పింఛను ఉత్తర్వు సంఖ్య కావలసి వచ్చినప్పుడు, అది ఆ డిస్కులో ఉన్నదని ఇంటిల్లిపాదికిని తెలియును. తెరచువారు మాత్రము లేరు. అసలు ఉత్తర్వు ఎచ్చటనో దాగిపోయెను. మారు నకలు తెచ్చుకొనుటకు ఏడు నెలలు పట్టినది.

కాగితములకు ఉన్న భయములు రెండు: అవి పోవుట యొకటి, పరుల పాలగుట మరియొకటి. ఒకదానికి మందు వేసినచో రెండవది పెరుగును. నకళ్లు ఎన్ని చోట్ల ఉండునో దొంగకు అన్ని ద్వారములు. తాళము ఎంత గట్టిదో మన వారసులకే అంత కష్టము. మా అన్నగారు రెండవ భయమునకు పూర్తిగా విరుగుడు చేసి మొదటిదానికి చోటిచ్చిరి. వారి తరువాత మేము కూర్చుండి, తప్పులు చేయుచు దిద్దుకొనుచు, ఒక పద్ధతి కుదుర్చుకొంటిమి. దానినే యిచట విన్నవించుచున్నాము.

పరికరములు స్వల్పమే. పిల్లలు వదలివేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి, జేబులో పట్టు హార్డ్ డిస్కు ఒకటి, పెన్ డ్రైవులు రెండు, ఆటలోని పాచిక యొకటి, పెన్సిలు, కవరు. స్కానరు లేకున్నను ఫోనులోని కెమేరా చాలును. పగటి వెలుతురులో కిటికీ దగ్గర బల్లపై కాగితము పరచి, నీడ పడకుండ తిన్నగా పైనుండి తీయవలెను. స్కానరు ఉన్నచో అంగుళమునకు 300 చుక్కల లెక్కన తీసిన మేలు. ఆ లెక్కన ఒక ఏ4 కాగితము సుమారు 87 లక్షల చుక్కలగును. కుదించి భద్రపరచినప్పుడు ఒకటి రెండు మెగాబైట్లకు మించదు. మా యింటి కాగితములు ముందు వెనుకలు కలిపి 412 పుటలైనవి. అన్నియు ఒక గిగాబైటులో ఇమిడిపోయినవి. కాబట్టి పెద్ద డిస్కులు కొనవలసిన పని లేదు.

వెనుకల మాట ఊరక చెప్పలేదు. దస్తావేజులలో రిజిస్ట్రారు ముద్రలు, వేలిముద్రలు, సంఖ్యలు పెక్కు పుటల వెనుకవైపుననే ఉండును. మేము మొదటిసారి ముందువైపులు మాత్రమే తీసి, పని పూర్తియైనదని చేతులు దులుపుకొంటిమి. అవసరము వచ్చిన నాడు ఆ నకలు మాకు సగమే పనికివచ్చినది. ఖాళీగా కనబడిన వెనుకవైపును కూడ తీయుట మేలు.

ఇంకొక హెచ్చరిక. ఈ పనిని జిరాక్సు దుకాణమున చేయింపరాదు. ఈ రోజులలో దుకాణదారుడు ఒక వాట్సాప్ సంఖ్య గోడపై అంటించును. మనము ఆధారు, పాన్, బ్యాంకు పుస్తకము అన్నియు ఆ సంఖ్యకు పంపి, రెండు కాగితములు చేతపట్టుకొని వచ్చెదము. మన బొమ్మలు అతని ఫోనులోను, కంప్యూటరులోను నిలిచిపోవును. అతడు మంచివాడే కావచ్చును, కాని ఆ కంప్యూటరు ముందు రేపు ఎవరు కూర్చుందురో అతనికిని తెలియదు. మన ఫోను విషయమును ఇట్టిదే. తీసిన ఫొటోలను ఫోను దానంతటదియే దూరపు సర్వరులకు పంపు ఏర్పాటు పెక్కు ఫోనులలో ఉండును. పత్రములు తీయుటకు ముందు దానిని ఆపివేసి, పని ముగిసిన పిదప ఫొటోలను గ్యాలరీ నుండియు, చెత్తబుట్ట నుండియు తొలగింపవలెను.

ఇక తాళము. ఎన్‌క్రిప్షన్ అనగా అక్షరములను బీగమునకు తగినట్లు తారుమారు చేయు గణితము. నేడు లోకమంతటను వాడుకలో నున్న ఏఈఎస్ అను విధానమును అమెరికా ప్రమాణముల సంస్థ 2001 లో ప్రమాణముగా ప్రకటించినది. దానిని వాడుకొనుటకు వెరాక్రిప్ట్ అను ఉచిత సాధనము కలదు. ఇది విండోసు, లినక్సు, మాక్ మూడింటిపైనను పనిచేయును. ఇది డిస్కుపై ఒక పెద్ద ఫైలును సృష్టించును. పాస్‌వర్డు ఇచ్చినప్పుడు ఆ ఫైలు ఒక క్రొత్త డిస్కువలె తెరచుకొనును, మూసినంతనే అర్థము లేని అంకెల కుప్పగా మిగులును. దీనిని మనము పెట్టెలోని పెట్టె యనుకొనవచ్చును. మా పెట్టె పరిమాణము 3 గిగాబైట్లు. అంతకు మించకుండుటకు కారణము కలదు. దుకాణములో దొరకు చిన్న పెన్ డ్రైవులు పెక్కింటికి ఫ్యాట్32 అను పాత అమరిక ఉండును. అందు ఒక్క ఫైలు 4 గిగాబైట్లకు చేరరాదు. ఇది తెలియక మేము పెద్ద పెట్టె చేసి, ప్రతి తీయబోయి, ఒక సాయంకాలము వృథా చేసితిమి. వెరాక్రిప్ట్ సాధనమును కూడ తాళము లేని భాగములో, అదే డిస్కుపై ఉంచవలెను. పదేండ్ల తరువాత దానిని వెదకుకొనవలసిన అవస్థ మనవారికి కలుగరాదు.

తాళము ఎంత గట్టిదైనను బీగము బలహీనమైనచో ప్రయోజనము లేదు. మనవారు పాస్‌వర్డుగా పెట్టుకొనునవి పుట్టిన తేదీ, మనుమరాలి పేరు, ఇలవేల్పు పేరు, బండి నంబరు. ఇవి మనలను ఎరిగినవాడు పది నిమిషములలో ఊహింపగలవి. మనిషి తన బుద్ధితో ఎంచుకొనునది ఏదైనను మరొక మనిషి బుద్ధికి అందును. కావున ఎంచుకొను పనిని పాచికకు అప్పగించుట ఉత్తమము. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అను అమెరికా దేశీయుడు 1995 లో డైస్‌వేర్ అను పద్ధతిని ఏర్పరచెను. పాచికను ఐదుసార్లు వేసినచో ఐదంకెలు వచ్చును. ఆరును ఐదుసార్లు గుణించిన 7,776 గనుక అన్ని మాటలు గల పట్టిక యొకటి ఉన్నది. ఆ ఐదంకెలకు ఎదురుగా నున్న మాట మన మొదటి మాట. ఇట్లు ఆరు మాటలు తీసి వరుసగా వ్రాసికొనవలెను. అప్పుడు సాధ్యమగు కూర్పులు 2 ప్రక్కన 23 సున్నలు పెట్టిన సంఖ్యను మించును. మా వదినగారు పచ్చీసు గవ్వలతో వేయుదునని ముచ్చటపడిరి. గవ్వ రెండు వైపుల ఆకారము వేరగుటచే అది వెల్లకిలగాను బోర్లగాను సమానముగా పడదు. పాచికయే తీసితిమి. వచ్చిన మాటలు నచ్చలేదని మరల వేయుట కూడ తగదు.

నకళ్లు ఎన్ని ఉండవలెను, ఎచ్చట ఉండవలెను? అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రో ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి కలదు: ప్రతులు మూడు, రెండు రకముల సాధనములపై, అందొకటి ఇంటికి దూరముగా. రెండు రకములు ఎందుకనగా, హార్డ్ డిస్కు ఒక విధముగా చెడును, పెన్ డ్రైవు మరియొక విధముగా చెడును. హార్డ్ డిస్కులో తిరుగు పళ్లెముపై చదువు ములికి తగిలీ తగలకుండ, వెంట్రుక మందములో వేయవ వంతు కంటె తక్కువ ఎత్తున తేలుచుండును. పనిచేయుచుండగా బల్లపై నుండి జారినచో గతి చెప్పనక్కరలేదు. పెన్ డ్రైవు క్రిందపడినను సాధారణముగా ఏమియు కాదు. కాని అందు సమాచారము సూక్ష్మమైన అరలలో బంధింపబడిన విద్యుత్కణముల రూపమున ఉండును. విద్యుత్తు తగులకుండ ఏండ్లు గడచినచో ఆ కణములు మెల్లగా జారిపోవును. వేడి ఆ జారుటను త్వరపెట్టును. రెంటచింతల ఎండలలో రేకుల కప్పు క్రింది అటకపై పెన్ డ్రైవును పదేండ్లు పెట్టి, అందు అన్నియు ఉన్నవని ధీమాగా ఉండుట పొరపాటు. ఏటికొకసారి దానిని తగిలించి, చదివి, తిరిగి వ్రాయుట మంచిది. తాళపత్ర గ్రంథములు మన చేతికి వచ్చినది కూడ ఇట్లే గదా. ఆకు చివికిపోకముందే మరియొకరు మరియొక ఆకుపై ఎక్కించిరి.

పని ముగిసినంతనే డిస్కును కంప్యూటరు నుండి ఊడదీయవలెను. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట సాధనము 150 కి పైగా దేశములలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తన తాళము వేసి, డబ్బు చెల్లించిననే తెరచెదనని బెదిరించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ వారి కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత బడినవి. అట్టివి ఆ కంప్యూటరుకు తగిలించియున్న డిస్కులను కూడ విడిచిపెట్టవు. ఊడదీసి బీరువాలో పెట్టిన డిస్కు జోలికి పోవుట వానికి సాధ్యము కాదు. ఇంటర్నెట్టుపై రెండు చోట్ల ఒకేసారి సరిపోలుచుండు ఏర్పాటులను కొందరు మారుప్రతి యనుకొందురు. ఒకచోట పొరపాటున చెరిపినచో రెండవచోట కూడ చెరిగిపోవునది మారుప్రతి కాదు, అద్దములోని నీడ.

ప్రతి నిజముగా అసలువలెనే ఉన్నదని తెలియుట ఎట్లు? వేంగీ చాళుక్యుల తామ్రశాసనములు చూచినవారికి ఒక సంగతి గుర్తుండును. రేకులకు రంధ్రము చేసి ఒక కడియమున గ్రుచ్చి, కడియపు కొనలను వరాహ ముద్రతో అతికెడివారు. కడియము కోయనిదే రేకు మార్చుట పొసగదు. అట్టి ముద్ర నేడును కలదు. షా256 అను లెక్క ఒక ఫైలునంతను చదివి 64 అక్షరముల గుర్తును ఇచ్చును. ఫైలులో ఒక్క చుక్క మారినను గుర్తు మొత్తము మారిపోవును. విండోసులో సర్ట్‌యుటిల్, లినక్సులో షా256సమ్ అను ఆజ్ఞలు ఈ లెక్క చేసిపెట్టును, వేరుగా కొనవలసినది లేదు. పెట్టెను మూసిన పిదప గుర్తు తీసి, మొదటి ఎనిమిది అక్షరములను తేదీతో సహా నోటుపుస్తకములో వ్రాసికొందుము. మూడు ప్రతులయందును అవియే వచ్చినచో దారిలో ఏమియు చెడలేదని చెప్పవచ్చును.

అయితే గుర్తులు సరిపోయినంత మాత్రమున పని కాదు. మొదటి ప్రయత్నమున మా గుర్తులన్నియు చక్కగా సరిపోయినవి. పిదప ఒక ఆదివారము మా అమ్మాయి తన ఇంట, తన కంప్యూటరుపై, మా సహాయము లేకుండ తెరువబూనినది. పాస్‌వర్డు తప్పని వచ్చెను. మేము మాటల నడుమ ఖాళీలు విడిచితిమి, కాగితముపై వ్రాసినప్పుడు వానిని గుర్తింపలేదు. ఇంత చిన్న సంగతి మా అనంతరము ఆ పెట్టెను శాశ్వతముగా మూసియుండెడిది. చేసినవాడు గాక మరియొకరు, మరియొక యంత్రముపై తెరచి చూచినదే ప్రతి యని అప్పటి నుండి మా యింట నియమము.

ఇచ్చట చట్టము మాట కొంత చెప్పవలెను. స్కాను చేసిన బొమ్మ అసలు పత్రము కాజాలదు. దాని విలువ వేరు: అసలు పోయినప్పుడు మారు నకలు తెచ్చుకొనుటకు కావలసిన సంఖ్యలు అందుండును. రిజిస్టరైన దస్తావేజు నీటిపాలైనను, దస్తావేజు నంబరు, సంవత్సరము, సబ్ రిజిస్ట్రారు కార్యాలయము పేరు తెలిసినచో అచ్చటి గ్రంథముల నుండి సర్టిఫైడ్ నకలు పొందవచ్చును. అవి తెలియనిచో వెదకుటయే ఒక యుద్ధము. 2015 లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన డిజీలాకరులోనికి ఆయా శాఖలే జారీచేసిన పత్రములకు నిబంధనల ప్రకారము అసలుతో సమానమైన విలువ గలదు. మనము తీసి ఎక్కించిన బొమ్మలకు ఆ విలువ లేదు. ఈ భేదమును చాలమంది గమనింపరు. డిజీలాకరును తప్పక వాడుకొనవలసినదే కాని, దాని ద్వారము మన ఫోను సంఖ్య. వరదలో ఫోను కూడ పోయిననాడు మరల ఆ సంఖ్య చేతికి వచ్చువరకు ఆగవలెను. ఇక వీలునామా సంగతి ప్రత్యేకము. 2000 సంవత్సరపు ఐ.టి. చట్టము వీలునామాను తన పరిధి నుండి మినహాయించినది. సంతకములతో కూడిన కాగితమే వీలునామా. దాని బొమ్మ డిస్కులో ఉన్నదని అసలును ఏమరరాదు.

మిగిలినది బీగమును దాచు విధము. ఆరు మాటలను తలలో నుంచుకొనుట మంచిదే కాని, తల శాశ్వతము కాదు. మేము వానిని పెన్సిలుతో వ్రాసితిమి. జెల్ పెన్ను సిరా తడిసినచో అలుకుకొనిపోవును, పెన్సిలు గీత నీటికి కరుగదు. ఖాళీలు ఉన్నచోట గీత గీసి చూపితిమి. ఏ సాధనముతో, ఏ ఫైలును, ఏ వరుసలో తెరువవలెనో పది వాక్యములలో తెలుగున వ్రాసి, కవరులో పెట్టి, అంచుపై సంతకము చేసి అంటించితిమి. కవరు మా అమ్మాయి యింట ఉన్నది. దూరపు ప్రతి యగు పెన్ డ్రైవు ఆమె యింట లేదు, వేరొక ఊరిలో మా బావమరిదిగారి దగ్గర ఉన్నది. కవరు ఒక్కటి దొంగిలించినవానికి పెట్టె దొరకదు, పెన్ డ్రైవు దొరికినవానికి బీగము దొరకదు. ఇద్దరికిని ఒకరి దగ్గర ఏమున్నదో మరియొకరికి తెలియును. అంతకంటె కఠినమైన ఏర్పాటులు లేకపోలేదు. అవి మా యింటికి అనవసరమని తోచినది. ఇంటివారు మరచిపోవునంత కఠినముగా నున్న ఏర్పాటు ఫలము మేము ఒకసారి చూచియే యున్నాము.

సంక్రాంతికి అందరును చేరినప్పుడు భోజనములైన పిదప ఈ పని పెట్టుకొందుము. క్రొత్త కాగితములు చేర్చుట, గుర్తులు సరిచూచుట, ఒకరు తెరచి చూపుట. గంటన్నరకు మించదు. కడచిన సంక్రాంతికి తెరచు వంతు మా వదినగారిది. కళ్లజోడు పెట్టుకొని, కవరులోని వాక్యములు ఒక్కొక్కటే చదువుకొనుచు, ఎవ్వరిని అడుగక, ఇరువది నిమిషములలో పెట్టె తెరచి, తన పింఛను ఉత్తర్వు బొమ్మను తెరపై చూపిరి. ముందుదియు, వెనుకదియు.

మా అన్నగారి డిస్కు బీరువా పై అరలో అట్లే ఉన్నది. దానిని తుడిచివేసి మరొక పనికి వాడుకొందమని మేమనగా, వదినగారు ఒప్పుకొనలేదు.